సెల్ఫ్ మీద నింద వేసే ముందు

(పాలమూరు జిల్లాలో ఐటీఐ మోటర్ మెకానిక్ విద్యార్థుల ముందు నల్గొండకు చెందిన ఒక ఆటో ఎలక్ట్రీషియన్ చేసిన ప్రసంగం. మాట్లాడిన యాసలోనే ఎత్తి రాసినది.)

అందరికీ నమస్తే. సార్లకు కూడ. నాకు మైకు పట్టుకునే అలవాటు లేదు, చేతిల పానా ఉంటెనే నోరు తిరుగుతది. అందుకే ఇన్ని సామాన్లు మోసుకొచ్చి ఈ బల్ల మీద పరుచుకున్న. బస్సుల కండక్టర్ ఈ సంచి ఎత్తి చూసి, "ఏందయ్యా, ఇనుము దుకాణం పెడుతున్నవా" అన్నడు. (నవ్వులు)

ఇగో, ఇది చూడండి. మారుతి 800 కారు సెల్ఫ్ మోటర్, అంటె తాళం తిప్పితె ఇంజన్‌ను లేపే మోటర్, 1997 బండిది. పట్టుకుని చూసి పక్కోనికి ఇయ్యండి, కింద వేయకండి. దీన్ని మీ ముందు ఎందుకు పెట్టిన్నంటె, దీని తప్పేం లేదు. తప్పు లేకున్నా బండి మీదికెల్లి విప్పి తుక్కుల పారేసిన. పారేసింది వేరే ఎవరో కాదు, నేనే.

నకిరేకల్ దిక్కు ఒక సారు ఉండె. బడి పంతులు చేసి రిటైరయిండు. బండిని బిడ్డ లెక్క చూసుకుంటడు. ఒకనాడు పొద్దున వచ్చిండు. తాళం తిప్పితె ఒక్కసారి టక్కుమంటది, ఊకుంటది. రెండోసారి, మూడోసారి తిప్పితె దయ తలిచి లేస్తది. బ్యాటరీ కొత్తదే, నాలుగు నెలలు కాలే. షాపుల జనం మస్తున్నరు. నేను వోల్టులు కొలిచే మీటరు ముట్టలే. ఆ టక్కు శబ్దం విన్న, "సెల్ఫ్ పోయింది సార్" అన్న. రిపేరు చేసి పెట్టిన ఇంకో సెల్ఫ్ ఉండె, అది ఎక్కించిన. తాళం తిప్పంగనే ఝుమ్మని లేచింది. సారు ఖుషీ, నేను ఖుషీ.

పదకొండో నాడు ఫోను. "నాయనా, మళ్ళ అదే కథ. దానికి తోడు ఈసారి యాక్సిలరేటర్ వైరు కాడ పొగ వస్తున్నది."

ఆ పొగ మాట వినంగనే నాకు చెమట పట్టింది. యాక్సిలరేటర్ వైరుకు కరెంటుతోని ఏం పని? అది కాలితోని తొక్కే తీగ. ఎందుకు కాలిందో మీరు ఆలోచిస్తుండండి, నేను మళ్ళ అక్కడికి వస్త.

ముందుగాల ఒక మాట. పుస్తకంల దీన్ని స్టార్టర్ మోటర్ అంటరు. మన తాన సెల్ఫ్. ఈ పేరెట్ల వచ్చింది? ఎనకట బండి ముందర నిలబడి, బంపర్ కింద బొక్కల ఇనుప హ్యాండిల్ పెట్టి తిప్పితెనే ఇంజన్ లేచేది. నేను పని నేర్చుకున్ననాడు గడియారం సెంటర్ దగ్గర మా ఉస్తాద్ కాడ పాత అంబాసిడర్లకు ఆ హ్యాండిల్ ఉండేది. మా ఉస్తాద్ చెప్పిన మొదటి పాఠం: హ్యాండిల్ పట్టినప్పుడు బొటనవేలు మిగిలిన నాలుగు వేళ్ళ పక్కనే ఉండాలె, చుట్టి పిడికిలి పట్టొద్దు. ఇంజన్ ఎనకకు తంతె చుట్టిన బొటనవేలును, మణికట్టును ఇరగ్గొడ్తది. అమెరికాల చార్లెస్ కెటరింగ్ అనే ఇంజనీరు కరెంటు స్టార్టర్ చేసిండు, 1912ల క్యాడిలాక్ బండికి అది వచ్చింది. హ్యాండిల్ లేకుంట తనంత తాను లేస్తది గనుక సెల్ఫ్ స్టార్టర్ అన్నరు. మనం స్టార్టర్ పక్కకు పెట్టి సెల్ఫ్ ఉంచుకున్నం.

ఇప్పుడు లోపట ఏం జరుగుతదో చెప్త. ఇది పట్టుబడితె మీకు సగం రోగాలు శబ్దంతోనే తెలుస్తయ్. మోటర్ నెత్తి మీద ఈ చిన్న డబ్బా ఉన్నది సూడండి, సోలనాయిడ్. దీనికి లావు నట్లు రెండు, సన్న పిన్ను ఒకటి. ఒక లావు నట్టుకు బ్యాటరీ నుంచి లావు వైరు వచ్చి ఉంటది. ఇంకో లావు నట్టు కెల్లి మోటర్ లోపటికి పోతది. సన్న పిన్నుకు తాళం కాడి వైరు. డబ్బాల రెండు చుట్లు ఉంటయ్. ఒకటి గుంజే చుట్టు, ఒకటి పట్టి ఉంచే చుట్టు. తాళం తిప్పంగనే రెండూ కలిసి లోపటి కడ్డీని గుంజుతయ్. ఆ కడ్డీ ఒక దిక్కు బెండెక్స్‌ను, అంటె మోటర్ కొసన ఉండే చిన్న పళ్ళ చక్రాన్ని, ముందుకు నెట్టి దాని పళ్ళను ఫ్లైవీల్, అంటె ఇంజన్‌కు ఉండే బరువు చక్రం, రింగు పళ్ళల్ల ఇరికిస్తది. ఇంకో దిక్కు రాగి బిళ్ళను ఆ రెండు లావు నట్ల మీద అతికిస్తది. అప్పుడే మోటర్‌కు అసలు కరెంటు. బిళ్ళ అతుక్కోంగనే గుంజే చుట్టుకు రెండు కొసలల్ల ఒక్కటే వోల్టేజి అయితది, దాని పని బందు. ఇగ మిగిలింది పట్టి ఉంచే చుట్టు ఒక్కటే. అది బలహీనమైంది.

బ్యాటరీ దిగి ఉన్నదనుకోండి. బిళ్ళ అతుక్కుంటది, మోటర్ కరెంటు గుంజుతది, వోల్టేజి ధబ్బున పడ్తది. పట్టి ఉంచే చుట్టుకు బలం చాలదు, కడ్డీ ఎనకకు పోతది. మోటర్ బందు గాంగనే వోల్టేజి మళ్ళ లేస్తది, మళ్ళ గుంజుతది, మళ్ళ పడ్తది. టకటకటకటక. మిషను కుట్టినట్టు వినిపిస్తది. ఆ శబ్దం వింటె సెల్ఫ్ ముట్టకండి. బ్యాటరీ చూడండి, టెర్మినళ్ళు చూడండి.

ఒక్కటే టక్కు, తర్వాత ఏం లేదు. ఇది గడబిడ చేసే శబ్దం, నన్ను మోసం చేసింది ఇదే. బిళ్ళ కాలి పోయి ఉండొచ్చు. కార్బన్లు, అంటె మోటర్‌ల తిరిగే భాగానికి కరెంటు అందించే బొగ్గు ముక్కలు, అరిగి ఉండొచ్చు. మోటర్ ఇరుక్కుని ఉండొచ్చు. లేకుంటె లావు వైరుల, ఎర్తుల ఎక్కడో దారి మూసుకుపోయి ఉండొచ్చు. ఒక్క శబ్దానికి నలుగురు దొంగలు.

మోటర్ సర్రుమని తిరుగుతది గని ఇంజన్ కదలదు, అప్పుడు బెండెక్స్ జారుతున్నది. గర్రుమని పళ్ళు కొరికిన శబ్దం వస్తె బెండెక్స్ పళ్ళో, రింగు పళ్ళో అరిగినయ్. రింగు సంగతిల ఒక తమాషా ఉన్నది. ఇంజన్ బందైనప్పుడు ఎక్కడపడితె అక్కడ ఆగదు, సిలిండర్ల గాలి నొక్కుకునే కంప్రెషన్ ఆపిన కాడనే ఆగుతది. నాలుగు సిలిండర్ల బండి ఎదురెదురు రెండు చోట్లల్ల, మారుతి 800 లెక్క మూడు సిలిండర్లది మూడు చోట్లల్ల. అందుకే రింగు మొత్తం బాగనే ఉండి ఆ రెండు మూడు కాడల్నే పళ్ళు బోసి నోరు లెక్క అయితయ్. బండిని టాప్ గేర్ల వేసి జెర ముందుకు నెట్టి, గేరు తీసి మళ్ళ తాళం తిప్పితె పట్టుకున్నదా, అనుమానం రింగు మీదికి పోవాలె.

అసలే శబ్దం లేదు, లైట్లు మాత్రం బాగ వెలుగుతున్నయ్. అప్పుడు సన్న పిన్ను కాడ టెస్ట్ ల్యాంపు పెట్టి ఇంకొకరిని తాళం తిప్పమనండి. వెలగకుంటె తాళం స్విచ్చు, లేకుంటె ఆ వైరు. పాత బండ్లల్ల తాళం స్విచ్చు అరిగి, సగం కరెంటే పంపుతది. దానికి రిలే పెడ్తరు, అంటె చిన్న కరెంటుతోని పెద్ద కరెంటును కలిపే స్విచ్చు. నాలుగు పిన్నుల మామూలు రిలే, బ్యాటరీ కెల్లి ఫ్యూజుతోని వైరు గుంజి. తాళం ఇగ రిలేనే నడుపుతది, సోలనాయిడ్ భారం దాని మీద పడదు. చాన బండ్లకు ఈ చిన్న పనితోనే సెల్ఫ్ మార్చే బాధ తప్పింది.

ఇప్పుడు సారు బండి కాడికి వద్దాం. పొగ ఎందుకు వచ్చింది? ఎవరన్నా చెప్తరా? (ఒక విద్యార్థి: "ఎర్త్ సార్.") శాబాష్! ఎర్త్. వివరంగ చెప్త.

కరెంటు సెల్ఫ్‌కు పోతె సరిపోదు, తిరిగి బ్యాటరీకి రావాలె. ఆ తిరుగు దారే ఎర్త్. ప్లస్ వైరు అందరికీ కనిపిస్తది, ఎర్రగ ఉంటది, దాన్ని అందరూ తోముతరు. తిరుగు దారిని ఎవరూ చూడరు. సారు బండికి నాకన్న ముందు ఎవరో బ్యాటరీ వైర్లు మార్చినప్పుడు మైనస్ వైరును ఒక్క బాడీకే బిగించిన్రు. ఇంజన్‌కు, బాడీకి నడుమ జడ అల్లినట్టు ఉండే రాగి పట్టీ ఒకటి మిగిలింది. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూసుంటది గద, రబ్బరుల కరెంటు పోదు. మొత్తం భారం ఆ పట్టీ మీద పడ్డది. పట్టీకి చిలుము పట్టి, పోగులు తెగి, బోల్టు కింద తుప్పు పట్టి, పేరుకే అతికి ఉన్నది. ఆ దారి మూసుకుపోతె కరెంటు ఊకుంటదా? ఇంజన్‌ను, బాడీని కలిపే ఇంకో ఇనుము ఏమున్నది? యాక్సిలరేటర్ తీగ. సన్న తీగల కెల్లి వంద ఆంపియర్లు ఉరికితె పొగ రాకుంట ఏమొస్తది? అట్ల చోక్ తీగ, క్లచ్ తీగ కాలిన బండ్లు కూడ నేను చూసిన.

మరి నేను సెల్ఫ్ మార్చంగనే ఎందుకు లేచింది అంటరా? మార్చేటప్పుడు నా చెయ్యి తగిలి పట్టీ జెర కదిలింది, బోల్టు కింద కొత్త చోటు అంటుకున్నది. పది రోజులు నడిచింది. మన చెయ్యి పడ్డాక బండి లేచిందంటె మన వైద్యమే పనిచేసిందని ఎప్పుడూ అనుకోకండి.

దీన్ని మీటరుతోని ఎట్ల పట్టుకోవాలె? ఇది జెర నిమ్మళంగ వినండి. మీరు మీటరును ఓమ్స్‌ల, అంటె నిరోధం కొలిచే కాడ, పెట్టి ఆ పట్టీ కొలుస్తె మంచిగున్నట్టే చూపిస్తది. ఊకె వోల్టేజి కొలిచినా 12.6 చూపిస్తది. ఎందుకంటె అప్పుడు కరెంటు నడుస్తలేదు. మీ ఇంట్ల నల్లా పైపుల చెత్త ఇరికి సూది బెజ్జం అంత సందు మిగిలిందనుకోండి. నల్లా బందు పెట్టి ప్రెషర్ కొలుస్తె నిండుగనే ఉంటది. నల్లా విప్పినప్పుడు గద బొట్లు బొట్లు కారేది. గట్లనే ఇది. చిన్న బండి సెల్ఫ్ వంద నుంచి రెండు వందల ఆంపియర్ల దాక తింటది. 150 అనుకోండి. ఎర్తుల 0.02 ఓమ్ ఎక్కువైతె ఎన్ని వోల్టులు పోతయ్? 150ని 0.02తోని గుణించండి. మూడు వోల్టులు! అసలున్నయే పన్నెండు, తిప్పేటప్పుడు దిగేది పది. దాంట్ల మూడు దొంగలు ఎత్తుకపోతె మోటర్ ఏం తిరుగుతది? ఆ 0.02 ఓమ్‌ను మీ చేతిల ఉన్న మామూలు మీటరు పట్టలేదు.

అందుకే కరెంటు నడుస్తుంటె కొలవాలె. పెట్రోలు బండి అయితె ప్లగ్గులకు కరెంటు పంపే కాయిల్ నడుమ వైరు పీకి ఎర్తుకు తగిలియ్యండి, ఇంజన్ లేవదు. మీటరు డీసీ వోల్టుల పెట్టండి. ముందు ఒక కొస బ్యాటరీ మైనస్ మీద, ఇంకోటి ప్లస్ మీద. ఇంకొకరు తాళం తిప్పాలె. తిప్పుతుంటె 9.6 కన్న కిందికి పోతె బ్యాటరీని ముందు సూసుకోండి, నిండ ఛార్జి చేసి మళ్ళ కొలవండి. బ్యాటరీ బాగుంటె, ఒక కొస మైనస్ పోస్టు మీద పెట్టండి. వైరు కొసన బిగించే క్లాంపు మీద కాదు, బ్యాటరీ మీద పొడుచుకొచ్చిన సీసం పోస్టు మీద. రెండో కొస ఇంజన్ ఇనుము మీద, రంగు లేని కాడ. తాళం తిప్పుతుంటె 0.2, మహా అయితె 0.3 రావాలె. సారు బండిల నాకు వచ్చింది ఎంతో తెలుసా? 2.8. పాత సెల్ఫ్ విప్పకముందే ఈ రెండు నిమిషాల పని చేసి ఉంటె ఆయనకు అంత ఖర్చు తప్పేది. ప్లస్ దిక్కు కూడ గంతే, బ్యాటరీ ప్లస్ పోస్టుకు, సోలనాయిడ్ నుంచి మోటర్‌కు పోయే నట్టుకు నడుమ అర వోల్టు దాటొద్దు. దాటితె వైరు, క్లాంపు, సోలనాయిడ్ బిళ్ళ, ఒక్కొక్కటే విడదీసి కొలవండి. ఇవన్నీ బాగుండి, మోటర్ నట్టు కాడికి నిండ వోల్టేజి వచ్చి కూడ అది కదలకుంటె, అప్పుడు సెల్ఫ్ మీద నింద వెయ్యండి. అప్పుడు కూడ ఒకసారి పుల్లీ నట్టుకు పానా పెట్టి ఇంజన్ చేతితోని తిరుగుతున్నదో లేదో చూడండి, ఇంజనే పట్టేసి ఉంటె సెల్ఫ్ ఏం చేస్తది?

మన ఎండల సంగతి కూడ చెప్పాలె. నల్గొండ, పాలమూరు ఎండ మీకు తెలిసిందే. రోడ్డు మీద గంటసేపు నడిపి టీ తాగనీకి ఆపుతరు, వచ్చి తాళం తిప్పితె ముక్కుతది. చల్లారినాక మంచిగ లేస్తది. రాగి వేడెక్కితె దాని నిరోధం పెరుగుతది. సైలెన్సర్ పైపు పక్కన ఉడికే సెల్ఫ్‌కు ఆ వేడి డబల్. లోపటి ఇరుసును పట్టి ఉంచే బుష్‌లు అరిగి ఉంటె ఆర్మేచర్, అంటె మోటర్‌ల తిరిగే భాగం, ఒక దిక్కు వాలి రాసుకుంటది కూడ. వేడికి మాత్రమే సతాయించే సెల్ఫ్‌ను పొద్దున చల్లటి పూట చెక్ చేసి "మంచిగనే ఉన్నది" అని పంపకండి. ఉడికించి చూడండి. ఇంకోటి, బ్యాటరీల బోరు నీళ్ళు పోయకండి. మన నల్గొండ బోరు నీళ్ళు మనుషుల ఎముకల్నే వంచినయ్, సీసం ప్లేట్లను వదుల్తయా? డిస్టిల్డ్ వాటరే.

విప్పే పని. ముందు బ్యాటరీ మైనస్ తీయాలె. ప్లస్ తీసేటప్పుడు పానా బాడీకి తగిలితె మైనస్ ఉన్నంతసేపు అది షార్టే. ఇగో నా ఎడమ చెయ్యి చూడండి, మణికట్టు చుట్టూ ఈ తెల్ల మచ్చ. స్టీలు కడియం ఉండె. పంతొమ్మిదేండ్ల పోరడిని, హుషారు మీద మైనస్ తీయకుంట లావు నట్టు విప్పిన. కడియం నట్టుకు, బాడీకి నడుమ పడ్డది. రెప్ప కొట్టే లోపట ఎర్రగ కాలింది, దాన్ని తీసుకోనీకి చెయ్యి విదిలిస్తె చర్మం కూడ వచ్చింది. ఉంగరాలు, వాచీలు, కడియాలు ఇక్కడ ఉన్నోళ్ళు జేబుల వేసుకోండి.

కింద దూరేది ఉంటె జాకీని నమ్ముకోకండి, స్టాండు పెట్టండి, ఎనక టైర్లకు రాళ్ళు. వైర్లు తీసే ముందు ఫోన్ల ఫోటో తీసుకోండి, మా కాలంల ఈ సుఖం లేకుండె. లావు నట్టు విప్పేటప్పుడు కింది నట్టును ఇంకో పానాతోని పట్టండి. లేకుంటె రాగి బోల్టు తిరిగి లోపట చుట్టు తెగుతది, రిపేరు పనిల కొత్త రిపేరు. చివరి బోల్టు విప్పేటప్పుడు రెండో చెయ్యి సెల్ఫ్ కింద ఉండాలె. మొఖం మీద పడ్డోళ్ళను చూసిన.

బయటికి వచ్చినాక ఆ బొక్కల కెల్లి టార్చి కొట్టి, ప్లగ్గులు తీసి ఇంజన్‌ను చేతితోని తిప్పుకుంట రింగు పళ్ళు మొత్తం ఒక చుట్టు చూడండి. ఇప్పుడు చూడకుంటె మళ్ళ ఎప్పుడు చూస్తరు? కొత్తది ఎక్కించే ముందు రెండూ పక్కపక్కన పెట్టి పళ్ళ లెక్క, ముక్కు పొడవు, బొక్కలు సరిపోల్చండి. ఇంకొకటి చాన మంది మరిచేది. కొత్త సెల్ఫ్ మొఖానికి రంగు వేసి వస్తది. దాని ఎర్త్ ఆ మొఖం కెల్లే ఇంజన్‌కు పోవాలె. రంగు గీకండి, ఇంజన్ దిక్కు కూడ తుప్పు తోమండి. మైనస్ వైరు ఆఖరుకు బిగించండి.

పాతది బాగు చేస్తమా, కొత్తది వేస్తమా? నేనైతె ముందు విప్పి చూస్త. కార్బన్లు, బుష్‌లు మాత్రమే పోతె బాగు చేయడమే న్యాయం. ఆయిల్ పీల్చుకునే సన్న రంధ్రాల కంచు బుష్‌లు ఎక్కించే ముందు ఒక రాత్రి ఇంజన్ ఆయిల్ల నానపెట్టండి. కమ్యుటేటర్‌ను, అంటె ఆర్మేచర్ మీద కార్బన్లు రాసుకునే రాగి భాగాన్ని, సన్న గాజు కాగితంతోని రుద్దండి, ఎమరీ వద్దు, దాని రజను రాగి సందులల్ల ఇరికి కరెంటు పాకుతది. ఆర్మేచర్ కాలి వాసన వస్తున్నదంటె మాత్రం పైసలు పోయకండి, కొత్తది కొనమనండి. బండి ఎక్కడన్నా ఆగితె సెల్ఫ్‌ను సుత్తె కట్టెతోని మెల్లగ తట్టితె కార్బన్లు కూసోని ఒకటి రెండుసార్లు లేస్తది, అది ఇల్లు చేరనీకి. లోపట అయస్కాంతాలు ఉండే కొత్త రకం సెల్ఫ్‌లను గట్టిగ కొడితె అవి పగుల్తయ్, జాగ్రత్త.

సారు డబ్బులు తిరిగి ఇచ్చిన. ఆయన ముందు తీసుకోను అన్నడు, ఆఖరుకు ఆ పట్టీ ఖర్చు మాత్రం పట్టుకుని మిగిలింది ఇయ్యి అన్నడు. పట్టీ నలభై రూపాయలది. ఆ పాత సెల్ఫ్ తుక్కుల కెల్లి తీసి విప్పి చూసిన, కార్బన్లు సగం కూడ అరగలే. మీ చేతులల్ల తిరుగుతున్నది అదే.

ఇప్పుడు మాటలు చాలు. మీ వర్క్‌షాపుల అంబాసిడర్ ఉన్నదట గద, లేస్తలేదని సార్ చెప్పిండు. ఎందుకు లేస్తలేదో నేనింక చూడలే. బాబూ, ఎర్త్ అన్నోడివి, నువ్వు రా. ఇగో మీటరు. ముందు గేరు న్యూట్రల్ల ఉన్నదో చూడు, హ్యాండ్ బ్రేక్ గుంజు. ఇంకొకరు తాళం కాడ కూసోండి. సీసం పోస్టు మీద పెట్టు, క్లాంపు మీద కాదు. హా, గట్ల. తిప్పమను. ఎంత చూపిస్తున్నది, గట్టిగ చదువు?